నిరపాయమన్న మాట



తెలుగు పండితుడిగా ముప్పై ఏండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పిల్లల జవాబు పత్రాలలో నేను సహించని తప్పు ఒకటి ఉండేది. ప్రతిపదార్థం వ్రాయమంటే పద్యంలో లేని మాటను చేర్చడం. అక్షరదోషాన్ని చూసీ చూడనట్టు వదిలేవాణ్ణి గాని దీనికి మాత్రం మార్కు తగ్గించేవాణ్ణి. "కవి చెప్పనిదాన్ని నీ ఇంటినుంచి తెచ్చి పెట్టవద్దు" అని మందలించేవాణ్ణి.

అదే తప్పును 1994లో నేను చేసినాను. పద్యం విషయంలో కాదు, ఒక పిల్లవాని ఆసుపత్రి కాగితం విషయంలో. ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య వచ్చిన ఒక ఫోను మూలాన ఇప్పుడు వ్రాయవలసివచ్చింది.

అప్పుడు కడప జిల్లాలో మైదుకూరు దాటిన తర్వాత ఒక పల్లెలో ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. తొమ్మిదవ తరగతిలో గొర్రెలకాపరుల ఇంటి పిల్లవాడొకడు ఉండేవాడు. పేరు వ్రాయను, ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. పద్యం అప్పజెప్పడంలో వానిని మించినవాడు లేడు. మంద వెనుక తిరుగుతూ నేర్చుకున్న గొంతు కదా, చివరి బెంచీ నుంచి చదివినా ప్రధానోపాధ్యాయుని గది దాకా వినిపించేది. ఆ ఏడు వాడు ఎడమకాలు ఈడ్చి నడవడం మొదలుపెట్టినాడు. మోకాలు నొప్పి అనేవాడు. వ్యాయామోపాధ్యాయుడు బద్ధకమన్నాడు. ఊరివారు నీళ్ళ రోగమన్నారు. ఆ మాటకు మా సీమలో కారణం లేకపోలేదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు బిగుసుకుపోయే జబ్బు మన దేశంలో మొదట నమోదైనది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలోనే. అందుచేత ఎవరు కుంటినా నింద బావి మీద పడేది.

నొప్పి మోకాలిలో ఉన్నా దోషం తుంటిలో ఉండవచ్చునని నాకు తర్వాత తెలిసింది. తుంటికీ మోకాలికీ వెళ్ళే నరాలు కొన్ని ఒకటే కావడంవల్ల, పైన పుట్టిన నొప్పి కింద తెలుస్తుంది. పిల్లలలో ఇది మరీ ఎక్కువ. మోకాలిని ఎంత పరీక్షించినా ఏమీ కనబడకపోతే తుంటికి ఎక్స్‌రే తీయించాలని వైద్య విద్యార్థులకు మొదట్లోనే చెబుతారట.

పిల్లవాని నాయన కొడుకును కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళినాడు. ఇప్పటిలాగా కడపలో వైద్య కళాశాల లేదు, అది 2006లో వచ్చింది. కర్నూలు కళాశాల 1957 నాటిది. రాజధాని పోయిన ఊరికి మిగిలిన పెద్ద ఆస్తి అదేనని మా పెద్దలు అనేవారు. అక్కడ ఎక్స్‌రే తీసినారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపినారు. కొన్ని దినాల తర్వాత ఆయన కాగితం పట్టుకొని, చీకటిపడే వేళ, మా ఇంటి అరుగు దగ్గరికి వచ్చి నిలబడినాడు.

"అయివారూ, ఆపరేషన్ అన్నారు. డాక్టరు చెప్పింది సగమే తెలిసె నాకు. దీంట్లో ఏముందో నువ్వు సదివి చెప్పు సామీ."

నా ఆంగ్లం పండితుని ఆంగ్లం. ఐనా నిఘంటువు దగ్గర ఉన్నది. కాగితంలో రెండే వాక్యాలు. ఎడమ తొడయెముక మెడలో ఉన్నది బినైన్ ఫైబ్రో ఆసియస్ లీజన్ అని మొదటిది. శస్త్రచికిత్స చేయించుకోవలసిందని సలహా ఇచ్చినాము అని రెండవది. బినైన్ అన్న మాట తీసి చూసినాను. నిరపాయకరమైన అని ఉన్నది.

అది మందలు కాలువ కిందికి తరలే సమయం. కర్నూలు కడప కాలువ కింద కోతలైన పొలాలలో రైతులు ఎరువు కోసం మంద నిలుపుకొని కాపరులకు గింజలో రూకలో ఇస్తారు. ఏడాది జీవనం దానిమీద. ఆసుపత్రిలో నెల కూర్చుంటే మంద వెంట పోయేవారెవరు? ఆయన నా ముఖం వైపు చూస్తున్నాడు. ఏ మాట వినాలని వచ్చినాడో ఆ కండ్లలో తెలిసిపోతున్నది.

నేనన్నాను: "గడ్డ నిరపాయమైనదట. క్యాన్సరు కాదు. అవసరమైతే ఆపరేషన్ చేస్తారట."

ఆ 'అవసరమైతే' కాగితంలో లేదు. నేను నా ఇంటినుంచి తెచ్చి పెట్టినాను.

ఆయన చేతులు జోడించినాడు. "చల్లని మాట చెప్తివి సామీ" అన్నాడు. మూడవ దినం తండ్రీకొడుకులు మంద వెంట పోయినారు.

నెలన్నర తిరగలేదు. దువ్వూరు దగ్గర పొలంలో తప్పించుకొని పోతున్న గొర్రెపిల్లను పట్టబోయి పిల్లవాడు గట్టు మీదినుంచి దూకినాడు. గట్టు మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. తొడయెముక మెడ దగ్గర విరిగింది. మంచం మీద వేసి రోడ్డు దాకా మోసి, లారీలో కర్నూలుకు చేర్చినారు. నాకు తెలిసేటప్పటికి రెండు దినాలైంది. మరునాడు పొద్దున బస్సు ఎక్కినాను. చాగలమర్రి, ఆళ్ళగడ్డ, నంద్యాల. ఆ దారంతా తండ్రికి ఏమి చెప్పాలా అని ఆలోచించినాను. ఆయన నన్ను ఏమీ అడగలేదు. "వచ్చినావా సామీ" అని మాత్రం అని, తాను కూర్చున్న గోనెపట్టా నాకు వేసినాడు.

అక్కడి పెద్ద వైద్యుడు నా బడిపంతులు వాలకం చూసి జాలిపడినాడో ఏమో, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి పాఠం చెప్పినట్టు చెప్పినాడు. తొడయెముక పైకొనలో బంతిలాంటి తల తుంటి గిన్నెలో కూర్చుంటుంది. ఆ తలకూ నిలువు ఎముకకూ నడుమ ఏటవాలుగా ఉన్నదే మెడ. మామూలుగా ఆ రెండింటి మధ్య కోణం నూట ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. మనిషి ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు మీద పడే బరువు అతని దేహభారానికి సుమారు రెండున్నర రెట్లు. నడక అంటే అడుగడుగునా ఒంటికాలి మీద నిలబడడమే గదా. ఆ బరువంతా ఆ మెడ మోయాలి.

ఈ పిల్లవాని మెడలో గట్టి ఎముక ఉండవలసిన చోట నారవంటి కణజాలం, అందులో ఇసుకరేణువుల్లాగా ఎముక పొడి మాత్రమే ఉన్నాయి. ఫిల్ములో ఆ భాగం గరుకుటద్దంలాగా మసకగా కనిపించింది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అని దాని పేరు. 1938లో లిక్టెన్‌స్టైన్ అనే వైద్యుడు పెట్టిన పేరు. అటువంటి మెడ బరువుకు ఆగలేక సన్నసన్నగా పగులుతూ, అతుక్కుంటూ, వంగుతూ పోతుంది. కోణం తొంభైకి, ఇంకా కిందికి దిగుతుంది. అట్లా వంగిన తొడయెముకకు ఆంగ్ల గ్రంథాలలో గొల్లవాని వంకకర్ర అని పేరు. ఆ దేశాల కాపరులు గొర్రె కాలికి తగిలించి లాగే కొక్కెం కర్రతో పోలిక.

ఈ సంగతి తండ్రికి చెప్పినాను. ఆయన చాలాసేపు ఊరకుండి, "మా కర్రలు వంకర ఉండవే, అయివారూ" అన్నాడు. "వంకర కర్ర మీద ఆనుకొని నిలబడేకి అయితాదా?"

అప్పుడు తెగించి చెప్పినాను. ఆ రోజు నేను చెప్పిన అర్థం తప్పని, కాగితంలో 'అవసరమైతే' అన్న మాట లేదని, ఆ మాట నాదని. ఆయన కోపపడి ఉంటే నాకు కొంత తేలిక అయ్యేది. ఆయన నాపక్క చూడలేదు, మంచం మీద పిల్లవానినే చూస్తూ, "మళ్ళ నిరపాయమని రాసినారంటివే, అదన్నా నిజమేనా?" అని అడిగినాడు. నిజమే, అది ఒంట్లో ఇంకొక చోటికి పాకదు, కాని ఉన్న చోటును గుల్ల చేస్తుంది అన్నాను.

"అట్లంటే చెదలు" అన్నాడాయన. "చెదలు ఊరంతా తిరగవు. పట్టిన దూలాన్ని తింటాయి. మిద్దె పడిపోతాది. ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నాకు తెలిసిపోతుండె గదా సామీ."

విద్వాన్ పరీక్ష, పండిత శిక్షణ, అరుగు మీద నిఘంటువు, ఇవన్నీ ఉండి నేను చెప్పలేని అర్థాన్ని ఆయన ఒక్క క్షణంలో చెప్పినాడు. కడప బండలు పరచి చవుడు మట్టి వేసిన మిద్దెల కింద బ్రతికేవారికి, దూలం గుల్లబారితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

శస్త్రచికిత్స జరిగింది. దానిని గురించి నేను తెలుసుకున్నంత చెబుతాను. తుంటి పక్కన కోసి, ఎముకకు కిటికీవంటి రంధ్రం చేసి, లోపలి చెడు పదార్థాన్ని గీకి తీస్తారు. ఆ గుల్లను ఎముకతోనే పూడుస్తారు. మా బనగానపల్లె మామిడికి అంటు కట్టినట్టే ఎముకకూ అంటు కడతారు. ఐతే ఈ జబ్బులో ఒక చిక్కు ఉన్నది. తుంటి అంచునుండి తీసిన మెత్తని ఎముక పొడిని నింపితే, రోగం దానిని కూడా మెల్లగా తినివేసి తనలాగా మార్చుకుంటుంది. అందుకని పిక్క పక్కనుండే సన్నని గట్టి ఎముకలో ఒక ముక్క తీసి, మెడలో ఊతకర్రలాగా దిగగొడతారు. గట్టి ఎముక అంత తొందరగా కరగదు. 1986లో ఎన్నెకింగ్, గేరెన్ అనే అమెరికా శస్త్రవైద్యులు తొడయెముక మెడలోని ఈ జబ్బుకు ఈ పద్ధతిని వివరించినారు. దానికి తోడు లోహపు పట్టీ, మరలు. మా పిల్లవానికి జరిగినది ఇదే. రక్తం కావలసివస్తే నాది ఇచ్చినాను. అది ప్రాయశ్చిత్తమని అనుకోలేదు. గుంపు కలిసింది, ఇచ్చినాను.

నడుమునుండి కాలిదాకా కట్టుతో వాడు మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. నానమ్మ కోడలిని ఒకటే సాధించింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగిందట. ఆ తల్లి తల వంచుకొని అన్నం కలిపి పెడుతూ ఉండేది. 1991 తర్వాతి పరిశోధనలలో తేలినదేమంటే, గర్భంలో శిశువు రూపొందేటప్పుడు ఏదో ఒక కణంలో ఒక జన్యువు దానంతటది మారుతుంది. ఆ కణం సంతతి ఎక్కడ చేరితే అక్కడి ఎముక ఇట్లా అవుతుంది. తల్లినుండీ తండ్రినుండీ వచ్చేది కాదు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. నాకు ఈ సంగతి తెలిసేటప్పటికి చాలా ఏండ్లు గడిచినాయి. తెలిసిన వారంలోనే ఆ ఊరు పోయి ఆమెకు చెప్పి వచ్చినాను. ఆమె విని, "మా అత్త పోయినాక చెప్తివే సారూ" అన్నది.

పిల్లవాడు ఒక ఏడు ఆలస్యంగా పదవ తరగతి గట్టెక్కినాడు. ఎడమకాలు ఒక అంగుళం పొట్టి. చెప్పుకు అట్ట వేసుకొని నడిచేవాడు. మంద వెంట పోలేక రోడ్డు మీద ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. ఎముక మళ్ళీ కొంత వంగితే 2009లో తిరుపతిలో రెండవసారి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. వంగిన చోట ఎముకను ఆప్ కోసినట్టు కోసి, కోణం సరిదిద్ది, తొడయెముక లోపల పొడవునా లోహపు కడ్డీ దించినారు. ఇప్పుడు నలభై దాటినాడు. దూరం నడిస్తే నొప్పి ఉంటుంది. మొదటే, విరగకముందే చేయించి ఉంటే ఆ అంగుళం మిగిలేదేమో. ఆ 'ఏమో' నాతో ఉండిపోయింది.

ఇక ఆ ఫోను సంగతి. పోయిన ఏడు ఒక రాత్రి అతడే చేసినాడు.

"అయివారూ, మా చెల్లెలి బిడ్డకు తుంటికాడ గడ్డంట. కడపలో పరీక్ష చేసినారు. కాయితం వాట్సాప్‌లో పెట్టినా. మళ్ళ ఆ మాటే ఉంది."

చూసినాను. జయింట్ సెల్ ట్యూమర్, బినైన్. ఆ అమ్మాయికి ఇరవై ఆరేండ్లు. నా చేయి వణికింది. ఈసారి నిఘంటువు తీయలేదు. నా శిష్యుడొకడు ఎముకల వైద్యుడు, కర్నూలులో ఉంటాడు. రాత్రి పది దాటినా అతనికి ఫోను చేసి, గంటసేపు విద్యార్థిగా కూర్చున్నాను.

అతడు చెప్పినదానిలో ముఖ్యమైనవి వ్రాస్తాను. ఈ గడ్డ ఎక్కువగా ఇరవై నలభై ఏండ్ల నడుమ వస్తుంది. మోకాలి చుట్టూ ఎక్కువ, తుంటి దగ్గర తక్కువ. పాశ్చాత్య దేశాలలో ఎముకలో పుట్టే గడ్డలలో ఇది నూటికి అయిదు వంతులైతే, చైనాలోనూ మన దక్షిణ దేశంలోనూ ఇరవై దాకా అంటారు. 1974లోనే అమెరికాలో వెలువడే ఎముకల శస్త్రవైద్య పత్రికలో, దక్షిణ భారతంలోని ఈ గడ్డలను గూర్చి రెడ్డి, రావు, రాజకుమారి గార్లు వ్రాసిన వ్యాసం వచ్చింది. మనవారి జబ్బును మనవారే లోకానికి చూపించినారు.

ఇది ఫైబ్రస్ డిస్‌ప్లేసియా కన్నా దూకుడైనది. గీకి వదిలితే తిరిగి రావడం ఎక్కువ. అందుచేత గీకిన తర్వాత గుల్ల గోడలను తిరిగే మరతో అరగదీసి, ఫినాల్ వంటి మందుతో కడిగి, ఎముక సిమెంటుతో నింపుతారు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి మిగిలిన కణాలను కొంత చంపుతుంది. వెంటనే బలమూ ఇస్తుంది. తుంటి దగ్గర దానికి తోడు లోహపు ఊతం కావాలి. ఎముక పూర్తిగా నాశనమై ఉంటే ఆ భాగం తీసివేసి కృత్రిమ కీలు అమర్చవలసి వస్తుంది. డెనోసుమాబ్ అనే సూది మందును 2013లో అమెరికాలో ఈ గడ్డకు అనుమతించినారు. అది గడ్డను గట్టిపరుస్తుంది, కష్టమైన చోట ఉపయోగిస్తుంది. చాలామందికి అది శస్త్రచికిత్సకు బదులు మాత్రం కాదు.

చివరన అతడు చెప్పిన మాట నన్ను నిద్రపోనివ్వలేదు. బినైన్ అని పిలిచే ఈ గడ్డ బహు అరుదుగా, నూటికి కొద్దిమందిలో, ఊపిరితిత్తులకు పాకుతుందట. అంటే 'నిరపాయం' తప్పైతే, దాని బదులు నేను ముప్పై ఏండ్లుగా మనసులో పెట్టుకున్న 'పాకనిది' కూడా పూర్తిగా సరికాదు. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం సుజాతమని, మంచి స్వభావం కలదని. మంచి స్వభావమన్నది పోలిక వల్ల వచ్చిన మాట. క్యాన్సరుతో పోల్చితే మంచిది. తొడయెముక మెడతో పోల్చి ఎవరూ ఆ మాట పెట్టలేదు.

మరి అన్నిటికీ కత్తి అవసరమా? కాదు. ఇంకొకందుకు తీసిన ఎక్స్‌రేలో అనుకోకుండా కనబడే చిన్న మచ్చలు చాలావరకు చూస్తూ ఊరకుంటే చాలు. కొన్ని పిల్లలు పెద్దయ్యేసరికి మానిపోతాయి. రాత్రుళ్ళు నొప్పి లేపి, ఆస్పిరిన్ వేస్తే తగ్గిపోయే చిన్న గడ్డ ఒకటి ఉన్నది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అంటారు. అది కూడా తొడయెముక మెడను ఇష్టపడుతుంది. దానిని 1990ల నుండి సన్నని సూది గుచ్చి వేడితో కాల్చివేస్తున్నారు. కనుక ఒక్క మాట చూసి భయపడడమూ తప్పే, ఒక్క మాట చూసి నిశ్చింతగా ఉండడమూ తప్పే.

తెల్లవారినాక ఆ అమ్మాయి కోసం కాగితం మీద నాలుగు ప్రశ్నలు తెలుగులో వ్రాసి పంపినాను, వైద్యుని ముందు చదవమని. ఇది ఏ జాతి గడ్డ? ఎముకలో ఎంత భాగం తిన్నది? ఈ కాలు మీద బరువు మోపవచ్చునా, విరిగే అపాయం ఉన్నదా? ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది? అర్థం నేను చెప్పలేదు. ప్రశ్నలు మాత్రం వ్రాసినాను. జవాబు చెప్పవలసినవారే చెబుతారు.

కాలు మోపవద్దన్నారు. చంకకర్రలు ఇచ్చినారు. పదిహేను దినాలలో శస్త్రచికిత్స అయింది. ఎముక విరగలేదు. నాలుగు నెలల తర్వాత మామతో కలిసి మా ఇంటికి వచ్చింది. ముందు ఆమె, వెనుక ఆయన, ఇద్దరిలో ఆమె నడకే మెరుగు. ఆయనకు అది చూసుకొని మురిపెం.

కాఫీ తాగినాక సంచిలోనుంచి ఆసుపత్రి కాగితం తీసి నా చేతికిచ్చింది.

"తాతా, దీంట్లో ఏముందో చెప్పు. పూర్తిగా పోయినట్టేనా?"

ఆ అరుగే గుర్తుకు వచ్చింది. ఆ ప్రశ్నలో కూడా ఏ మాట వినాలని ఉందో తెలుస్తూనే ఉంది. పోయిందమ్మా అనడానికి నోరు తెరిచినాను కూడా. ఆమె మామ నా వైపే చూస్తున్నాడు. కండ్లద్దాలు పెట్టుకొని, వేలు పెట్టి, ఒక్కొక్క మాట చదివినాను.

"ఇప్పటి ఎక్స్‌రేలో మళ్ళీ వచ్చిన గుర్తులు లేవు అని ఉన్నది. మూడు నెలలకొకసారి తుంటికీ, ఛాతీకీ ఎక్స్‌రే తీయించుకొని రావాలి అని ఉన్నది. మొదటి రెండు మూడేండ్లు ముఖ్యమని ఉన్నది. అంతే ఉన్నదమ్మా."

"అంతేనా?" అన్నది.

"అంతే" అన్నాను.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నది. వచ్చే తేదీ ఎప్పుడో గోడ క్యాలెండరులో చూసి, మామతో, ఆ పొద్దు అంగడి మూసుకొని రావాలని చెబుతున్నది.